జూదం జబ్బుగా మారినప్పుడు: పాఠకుల ప్రశ్నలు, మనోవైద్యుని జవాబులు

జూదం గురించి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు చాలావరకు డబ్బుతో మొదలై డబ్బుతోనే ముగుస్తాయి. ఎంత పోయింది, అప్పు ఎలా తీరుతుంది, ఇంకా ఏమేం దాచారు అన్న ప్రశ్నలే వాటి నిండా ఉంటాయి. నిద్ర పట్టడం లేదన్న సంగతి, గుండెదడ సంగతి, బతకాలని లేదని ఎవరో అన్న మాట ఎక్కడో చివరన ఒక్క వాక్యంలో కనిపిస్తాయి. వైద్యునిగా నన్ను ముందు ఆపేది ఆ ఒక్క వాక్యమే కాబట్టి, ఈసారి జవాబులన్నీ ఆ వైపు నుంచే రాస్తున్నాను. ఉత్తరాలు రాసినవారిని ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలను మార్చాము.

ప్రశ్న: నా భర్తకు 42 ఏళ్లు. ఉద్యోగంలో మంచి పేరుంది, మద్యం అలవాటు లేదు. కొన్నేళ్లుగా ఫోన్‌లో ఆటల మీద పందేలు కాస్తున్నారని ఈమధ్యే బయటపడింది. మా మామగారు, అన్నయ్య కలిసి రెండుసార్లు అప్పులు తీర్చారు. ప్రతిసారీ ఒట్టు వేస్తారు, కొన్నాళ్లకు మళ్లీ మొదలుపెడతారు. బంధువులు ఇది బుద్ధిలేనితనం అంటున్నారు. నిజంగా ఇది జబ్బేనా?

జవాబు: అమ్మా, ఇది జబ్బే. అయితే వైద్యశాస్త్రం కూడా ఈ మాట తేలిగ్గా చెప్పలేదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో తన రోగనిర్ధారణ గ్రంథంలో జూదాన్ని మొదటిసారి మానసిక రుగ్మతగా చేర్చినప్పుడు, దొంగతనం చేయకుండా ఉండలేకపోవడం, నిప్పు పెట్టకుండా ఉండలేకపోవడం వంటి, మనసులో పుట్టిన ఉద్రేకాన్ని ఆపుకోలేని రుగ్మతల సరసన ఉంచింది. 2013లో వచ్చిన ఐదవ కూర్పులో దానిని అక్కడి నుంచి తీసి, మద్యం, పొగాకు, మత్తుమందుల వ్యసనాలున్న అధ్యాయంలో పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమలులోకి తెచ్చిన ఐసీడీ-11 అనే వ్యాధుల వర్గీకరణ కూడా దీనిని వ్యసన ప్రవర్తనల కిందనే చూపుతుంది. ఏ మత్తు పదార్థమూ ఒంట్లోకి వెళ్లకపోయినా, మొదట సరిపోయిన మొత్తం తరవాత సరిపోకపోవడం, మానేస్తే చిరాకు, అసహనం కలగడం, మానాలన్న ప్రయత్నం పదేపదే వీగిపోవడం, ఒకే కుటుంబంలో ఒకరికి మించి కనిపించడం వంటివన్నీ మద్యం వ్యసనంలో ఉన్నట్లే ఇందులోనూ ఉండడం ఈ మార్పుకు కారణం.

ఆ అమెరికన్ గ్రంథం తొమ్మిది లక్షణాలు చెబుతుంది. అదే ఉత్సాహం కోసం పందెం పెంచుకుంటూ పోవడం, తగ్గించబోతే కుదురు లేకపోవడం, ఎంత ప్రయత్నించినా మానలేకపోవడం, ఎప్పుడూ అదే ధ్యాసగా ఉండడం, మనసు బాగాలేనప్పుడల్లా ఆట వైపు మళ్లడం, పోయిన సొమ్ము రాబట్టుకోవడానికి మర్నాడే మళ్లీ కూర్చోవడం, ఎంత ఆడుతున్నదీ దాచి అబద్ధాలు చెప్పడం, ఉద్యోగాన్నో చదువునో కాపురాన్నో ముప్పులో పడేసుకోవడం, చివరికి అప్పుల్లోంచి గట్టెక్కించమని ఇతరులను అడగడం అన్నవి అవి. 12 నెలల కాలంలో వీటిలో కనీసం నాలుగు కనిపిస్తే రుగ్మత ఉన్నట్లు లెక్క. ఎనిమిదో తొమ్మిదో ఉంటే తీవ్రమైనదని అర్థం. మీరు రాసిన కొద్ది వాక్యాల్లోనే నాకు నాలుగు కనిపించాయి. బైపోలార్ రుగ్మతలో మనిషి అతి ఉత్సాహంగా ఉన్న దశలో కూడా ఇలా విచ్చలవిడిగా పందేలు కాయడం ఉంటుంది కాబట్టి, నిర్ధారణ మాత్రం మనోవైద్యుల చేతనే జరగాలి.

పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలని మనవాళ్లు అంటారు. జూదరిని ముంచేది సరిగ్గా ఆ ఆలోచనే. గెలిచిన రోజు ఆపడం ఆరోగ్యవంతుడికీ కష్టమే కావచ్చు గానీ, ఓడిన రోజు ఆపలేకపోవడం ఈ జబ్బుకు గుర్తు. మెదడులో డోపమిన్ అనే రసాయనం గెలుపు చేతికందినప్పటికంటే గెలుస్తామో లేదో తెలియని ఆ ఎదురుచూపులోనే ఎక్కువగా పనిచేస్తుంది. ఎప్పుడు వస్తుందో చెప్పలేని ప్రతిఫలం ఏ అలవాటునైనా చాలా మొండిగా నిలబెడుతుందని మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ జంతువులపై చేసిన ప్రయోగాలతో చూపించారు. దానికి తోడు, వెంట్రుకవాసిలో తప్పిపోయిన గెలుపు లెక్క ప్రకారం ఓటమే అయినా, మెదడు చిత్రాలు తీసి చూస్తే గెలుపుకు స్పందించే భాగాలే అప్పుడూ చురుకుగా కనిపించాయి. ఫోన్‌లో ఒక పందానికీ మరో పందానికీ మధ్య సెకన్ల వ్యవధే ఉండడం వల్ల, ఓటమి తాలూకు బాధ మనసుకు ఎక్కేలోపే తరవాతి అవకాశం ఎదురుగా వచ్చి నిలబడుతుంది.

మీ మామగారూ అన్నయ్యా ప్రేమతో చేసిన పనిని నేను తప్పుపట్టను. కానీ చికిత్స లేకుండా అప్పు మాత్రమే తీర్చితే, ఆటకు అడ్డుగా ఉన్న ఒకే ఒక్క గోడను మనమే తొలగించినట్లవుతుంది. ఇక మీదట డబ్బు ఆయన చేతికి ఇవ్వకండి. అప్పులన్నిటికీ ఆయన చేతనే జాబితా రాయించండి, వాయిదాల మీద తీర్చే ఒప్పందాన్ని అప్పు ఇచ్చినవారితో నేరుగా మాట్లాడుకోండి, జీతం వచ్చే ఖాతాను ఆయన అంగీకారంతో కొంతకాలం మీరు చూసుకోండి. ఆ అంగీకారంలోనే వైద్యుణ్ణి కలవడం కూడా ఒక షరతుగా ఉండాలి.

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. రక్తపోటు, కడుపులో మంట, నిద్రలేమి ఉన్నాయి. మందులు మార్చినా తగ్గడం లేదు. నేను వారంలో చాలా రాత్రులు పేకాట ఆడతాను, బాగా పోగొట్టుకున్నాను కూడా. ఈ సంగతి మా డాక్టరుకు చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఉందా?

జవాబు: తప్పకుండా చెప్పండి. మీ మందులు పనిచేయకపోవడానికి కారణం మీరు దాచిన ఈ సంగతిలోనే ఉండవచ్చు.

పందెం కాసినప్పుడు ఒంట్లో జరిగేది ప్రమాదం ఎదురైనప్పుడు జరిగేదానికి దగ్గరగానే ఉంటుంది. సొంత డబ్బు పెట్టి పేకాడుతున్నవారిని జూదశాలలోనే పరీక్షించినప్పుడు గుండె వేగమూ, లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనూ పెరిగినట్లు తేలింది. ఒక గంట పాటు అలా ఉంటే శరీరం సర్దుకుంటుంది. రాత్రంతా ఆడి, తెల్లవారాక అప్పుల ఆలోచనతో పడుకుని, పగలంతా అబద్ధాలను కాపాడుకుంటూ గడిపే మనిషి ఒంటికి సర్దుకునే సమయమే దొరకదు. తలనొప్పి, కండరాల బిగువు, కడుపునొప్పి, అజీర్ణం, గుండెదడ, నిద్ర మధ్యలో ఉలిక్కిపడి లేవడం వంటివాటితో వీరు సాధారణ వైద్యుల దగ్గరికి వెళతారు. పరీక్షలు జరుగుతాయి, మాత్రలు మారుతాయి, జూదం గురించి వారూ అడగరు, వీరూ చెప్పరు. నా తోటి వైద్యులకు కూడా ఇక్కడ ఒక విన్నపం ఉంది: పొగ తాగుతారా, మద్యం తాగుతారా అని అడిగినట్లే, పందేలు కాస్తారా అని కూడా అడగండి.

అమెరికాలో 43 వేల మందికి పైగా పెద్దలతో 2001, 2002 సంవత్సరాల్లో జరిగిన సర్వేలో, జూద వ్యసనం ఉన్నవారిలో గుండె వేగంగా కొట్టుకోవడం, ఛాతీ నొప్పి, కాలేయ వ్యాధులు మిగతావారికంటే ఎక్కువగా కనిపించాయి. అదే సర్వేలో వీరిలో దాదాపు 73 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యం సమస్య, 60 శాతం మందికి పొగాకు వ్యసనం, సుమారు సగం మందికి డిప్రెషన్ వంటి మనోభావ రుగ్మత, 41 శాతం మందికి ఆందోళన రుగ్మత ఉన్నట్లు తేలింది. ఏది ముందు వచ్చింది, ఏది దానివల్ల వచ్చింది అన్నది ఒక్కొక్కరిలో ఒక్కో రకంగా ఉంటుంది. కుంగుబాటు నుంచి తప్పించుకోవడానికి ఆడడం మొదలుపెట్టేవారూ ఉన్నారు, ఆడి పోగొట్టుకుని కుంగిపోయేవారూ ఉన్నారు. వీటిని విడివిడిగా వైద్యం చేస్తే రెండూ సరిగ్గా తగ్గవు.

ఇంకొక సంగతి కూడా గమనించండి. కూర్చున్నచోటి నుంచి కదలకపోవడం, వేళకు తినకపోవడం, మందుల ఖర్చును ఆటకు మళ్లించడం, పరీక్షలకు వెళ్లవలసిన రోజు వాయిదా వేయడం వంటి చిన్న నిర్లక్ష్యాలు రక్తపోటునూ మధుమేహాన్నీ నిదానంగా చేయి దాటిస్తాయి. మీరు మాత్రలు క్రమంగా వేసుకుంటున్నారా లేదా అన్నది కూడా మీ వైద్యునికి దాచకుండా చెప్పండి.

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మా నాన్న జూదంలో ఆస్తి పోగొట్టారు. నేను స్నేహితులతో సరదాగా క్రికెట్ పందేలు కాస్తాను. మొదట్లోనే పెద్ద మొత్తం గెలిచాను. లెక్కలు చూసుకునే ఆడతాను కాబట్టి నాకు ప్రమాదం లేదనుకుంటున్నాను. అది సరైనదేనా? ఎవరికి ముప్పు ఎక్కువ?

జవాబు: మీ ఉత్తరంలోని నాలుగు వాక్యాల్లో నాలుగు ముప్పులు కనిపిస్తున్నాయి కాబట్టి వివరంగానే రాస్తాను.

మొదటిది వారసత్వం. కవల పిల్లలపై జరిగిన అధ్యయనాలు ఈ వ్యసనానికి లోనయ్యే స్వభావంలో దాదాపు సగం వాటా జన్యువులదేనని చెబుతున్నాయి. దీనర్థం మీకు తప్పక వస్తుందని కాదు. ఇతరులు ఆడి లేచిపోగల చోట మీరు లేవలేకపోయే అవకాశం ఎక్కువని మాత్రమే. చిన్నతనంలో ఇంట్లో ఆట చూస్తూ పెరగడం దీనికి తోడవుతుంది. రెండవది వయసూ లింగమూ: యువకులలో ఈ సమస్య ఎక్కువ, చిన్న వయసులో మొదలుపెట్టినవారిలో మరింత ఎక్కువ. మూడవది మొదట్లో వచ్చిన పెద్ద గెలుపు. ఆ రోజు ఇచ్చిన ఆనందాన్ని మెదడు కొలమానంగా దాచుకుంటుంది, ఆ తరవాత వచ్చే ఓటములన్నిటినీ దారిలో ఎదురైన తాత్కాలిక అడ్డంకులుగా చూడడం నేర్చుకుంటుంది.

నాలుగవదైన మీ లెక్కల మీద నమ్మకమే నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది. 1913 ఆగస్టు 18న మొనాకోలోని మోంటే కార్లో జూదశాలలో, ఎరుపు, నలుపు గళ్లతో తిరిగే రూలెట్ చక్రం మీద వరుసగా 26 సార్లు నలుపే పడింది. ఇన్నిసార్లు నలుపు పడింది కాబట్టి ఇక ఎరుపు రాక తప్పదని నమ్మి పందేలు పెంచుకుంటూ పోయినవారు అపారంగా నష్టపోయారు. చక్రానికి జ్ఞాపకం ఉండదు, గడిచిన ఫలితం రాబోయేదాన్ని మార్చదు. ఆటగాళ్ల బలాబలాల గురించి మీకు నిజంగానే తెలిసి ఉండవచ్చు. ఆ తెలివి పందెం నిర్వాహకులకు మీకంటే ఎక్కువగా ఉంటుంది, వారు తమ లాభాన్ని ముందే మినహాయించుకుని రేట్లు నిర్ణయిస్తారు.

ఇవి కాక డిప్రెషన్, ఆందోళన, ఏకాగ్రత, కుదురు లేకుండా చేసే ఏడీహెచ్‌డీ అనే రుగ్మత, బాల్యంలో ఎదురైన హింస లేదా నిరాదరణ, మద్యం, ఒంటరితనం, నిరుద్యోగం, ఆలోచించకముందే పని చేసేసే తత్వం ముప్పును పెంచుతాయి. వీటిలో ఏదీ లేని మనిషి కూడా, చేతికి సులువుగా అందే వేగవంతమైన ఆటలో చాలాకాలం ఉంటే చిక్కుకోగలడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం వయోజనులలో సుమారు 1.2 శాతం మందికి ఈ రుగ్మత ఉంది. అందువల్ల తప్పంతా మనిషి బలహీనతమీదకే నెట్టడం నాకు సమ్మతం కాదు. ఆటను ఎంత వేగంగా, ఎంత ఏకాంతంగా, ఎంత రాత్రివేళ వరకు ఆడగలిగేలా తయారుచేశారన్నది కూడా ముప్పులో భాగమే.

వైద్యులు వాడే చిన్న పరీక్షలలో రెండే ప్రశ్నలున్నది ఒకటి ఉంది. ఇంకా ఇంకా ఎక్కువ పందెం కాయాలని మీకు ఎప్పుడైనా అనిపించిందా? ఎంత ఆడుతున్నారో మీకు ముఖ్యమైనవారి దగ్గర ఎప్పుడైనా అబద్ధం చెప్పవలసి వచ్చిందా? ఈ రెండింటిలో ఒక్కదానికి అవునన్నా పూర్తి పరీక్షకు వెళ్లడం మంచిది. మీ అమ్మగారికి ఈ పందేల సంగతి తెలుసో లేదో మీరు రాయలేదు.

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు, పార్కిన్సన్స్ వ్యాధి ఉంది. జీవితంలో ఎప్పుడూ పైసా పందెం కాయని మనిషి. మందు మార్చిన కొన్ని నెలలకు లాటరీలు కొనడం, రాత్రిళ్లు ఆన్‌లైన్‌లో ఆడడం మొదలుపెట్టారు. వయసు మీదపడి మతి చలించిందా?

జవాబు: ముందుగా మందు పేరు చూడండి. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు డోపమిన్‌లా పనిచేసి కదలికలను బాగుచేస్తాయి గానీ, కొందరిలో ఆనందానికీ కోరికకూ సంబంధించిన మెదడు భాగాలను కూడా రెచ్చగొడతాయి. 2010లో ప్రచురితమైన, 3 వేలమందికి పైగా పార్కిన్సన్స్ రోగులపై జరిగిన అధ్యయనంలో 5 శాతం మందిలో జూద సమస్య కనిపించింది. ఈ తరగతి మందులు వాడుతున్నవారిలో అది ఎక్కువ. అదుపులేని కొనుగోళ్లు, అతిగా తినడం, లైంగిక వాంఛ పెరగడం కూడా ఇదే విధంగా రావచ్చు, కాబట్టి ఇబ్బందిగా ఉన్నా వాటి గురించీ అడగండి. మనోవ్యాధులకు వాడే అరిపిప్రజోల్ విషయంలో కూడా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో ఇటువంటి హెచ్చరికే జారీ చేసింది.

మందును మీ అంతట మీరు ఆపకండి. ఒక్కసారిగా ఆపితే తీవ్రమైన ఆందోళన, కుంగుబాటు, చెమటలు రావచ్చు, కదలికలు కూడా దెబ్బతింటాయి. ఈ వారంలోనే నరాల వైద్యుణ్ణి కలిసి మోతాదు తగ్గించడమో మందు మార్చడమో అడగండి. చాలామందిలో మందు సవరించాక ఈ కోరిక తగ్గిపోతుంది. ఆయనతో మాట్లాడేటప్పుడు ఇది మందు వల్ల జరిగి ఉండవచ్చని మొదటే చెప్పండి. ఆయన ఇప్పటికే సిగ్గుతో నలిగిపోతూ ఉండవచ్చు.

ప్రశ్న: తమ్ముడి అప్పుల సంగతి ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. అప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడడు. నేను లేకపోతే మీకు భారం తగ్గుతుంది అని ఒకసారి అన్నాడు. కోపంలో అన్న మాటేనా?

జవాబు: దయచేసి దానిని కోపంలో అన్న మాటగా వదిలేయకండి. స్వీడన్‌లో జూద రుగ్మత నిర్ధారణ అయినవారిని గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, 20 నుంచి 74 ఏళ్లలోపు వారిలో ఆత్మహత్య మరణాలు సాధారణ జనాభాలోకంటే 15 రెట్లు ఎక్కువగా ఉన్నాయి. మిగతా వ్యసనాలను శరీరం బయటపెడుతుంది, దీనిని దాచవచ్చు. అందుకే దాచినదంతా ఒక్కరోజులో బయటపడ్డాక వచ్చే రోజులు చాలా ప్రమాదకరమైనవి. మీ తమ్ముడు ఇప్పుడు ఆ రోజుల్లోనే ఉన్నాడు.

ఈ రోజే అతని పక్కన కూర్చుని, చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగండి. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు; దాచుకున్న మాట బయటికి చెప్పడానికి వీలు చిక్కుతుంది. అవునంటే అతనిని ఒంటరిగా వదలకండి, ప్రమాదకరమైన వస్తువులనూ ఎక్కువ మోతాదులో ఉన్న మందులనూ అందుబాటు నుంచి తీసేయండి, వెంటనే ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి, లేదా మీ ప్రాంతంలోని ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. లేదన్నా కూడా రెండు మూడు రోజుల్లో మనోవైద్యుణ్ణి కలిసేలా చూడండి. ఇంట్లో పెద్దవారు అప్పు లెక్కలు అడగడం ఈ వారం ఆపాలి. అప్పు ఎంతైనా దానికి వాయిదాలు, ఒప్పందాలు, చట్టపరమైన మార్గాలు ఉంటాయని, అవి తేల్చే పనిలో తోడుంటామని మీరే అతనికి చెప్పండి.

ప్రశ్న: మావారు పోయాక నిద్ర పట్టక ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆట మొదలుపెట్టాను. నాకు 57 ఏళ్లు. ఏడాది తిరగకముందే దాచుకున్నదంతా అయిపోయింది. ఈ వయసులో, అదీ ఇంత త్వరగా ఎలా జరిగింది?

జవాబు: అమ్మా, మీకు జరిగింది అరుదు కాదు. స్త్రీలు సాధారణంగా పురుషులకంటే ఆలస్యంగా ఆట మొదలుపెడతారు గానీ, మొదలుపెట్టాక తక్కువ కాలంలోనే సమస్య దశకు చేరుకుంటారని చాలా అధ్యయనాలు గమనించాయి. వారిలో చాలామంది గెలుపు కోసం కాక, బాధ నుంచి కాసేపు తప్పించుకోవడానికే ఆడతారు. మీ విషయంలో వైద్యం చేయవలసినది ముందుగా దుఃఖానికీ నిద్రకూ. పిల్లలకు ఎలా చెప్పాలో తెలియకపోతే, వైద్యుని సమక్షంలో చెప్పవచ్చు. చాలామందికి అది తేలికగా ఉంటుంది.

ప్రశ్న: దీనికి మాత్ర ఉందా? మా అబ్బాయి చికిత్స మొదలుపెట్టి ఆరు నెలలు బాగున్నాడు, పోయిన వారం మళ్లీ ఆడాడు. అంతా వృథా అయినట్లేనా?

జవాబు: వృథా కాలేదు. ఆరు నెలలు ఆడకుండా ఉండగలిగిన మనిషి ఒకరోజు ఆడాడు. ఆ రోజు ఏం జరిగిందన్నది చికిత్సకు చాలా విలువైన సమాచారం.

బాగా నిరూపితమైన చికిత్స కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. ఏ వేళలో, ఏ మనఃస్థితిలో, చేతిలో ఎంత డబ్బుంటే కోరిక పుడుతుందో గుర్తించడం, గెలుపు గురించిన తప్పుడు నమ్మకాలను పరీక్షించుకోవడం, కోరిక వచ్చి తగ్గేదాకా ఆగడం అందులో నేర్పుతారు. మాత్రల విషయానికి వస్తే, నాల్ట్రెక్సోన్ కొందరిలో కోరికను తగ్గిస్తుంది. కాలేయ పరీక్షలు చేసి, మార్ఫిన్ జాతి నొప్పి మందులు వాడడం లేదని నిర్ధారించుకుని, నిపుణులు మాత్రమే దానిని ఇస్తారు. డిప్రెషన్, ఏడీహెచ్‌డీ, మద్యం సమస్య ఉంటే వాటికి కూడా మందులు అవసరమవుతాయి. 1957లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన, జూదం మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే గ్యాంబ్లర్స్ అనానిమస్ సమావేశాలు చాలా దేశాలలో జరుగుతున్నాయి. ఒకరి అనుభవం ఒకరు వినడం వల్ల సిగ్గు తగ్గుతుంది. ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ పందెం సైట్లను అడ్డుకునే సాఫ్ట్‌వేర్, తనను ఆడనివ్వవద్దని నిర్వాహకులకు తానే రాసిచ్చే ఏర్పాటు ఉన్నచోట అదీ వాడుకోవాలి.

మీ అబ్బాయి ఆ రోజు ఎక్కడి నుంచి డబ్బు తెచ్చాడో, ముందు రాత్రి నిద్రపోయాడో లేదో, ఎవరితోనైనా గొడవ జరిగిందో, అడ్డుకునే సాఫ్ట్‌వేర్‌ను ఎప్పుడు తీసేశాడో మందలించకుండా అతని చేతనే రాయించండి. తరవాతి అపాయింట్‌మెంట్ తేదీ వచ్చేదాకా ఆగకుండా, ఆ కాగితంతో ఈ వారమే అతనిని చికిత్స చేస్తున్నవారి దగ్గరికి పంపండి.